గోడ సరే... లోపలి సంగతేంటి?

శావల్యాపురంలోనో, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనో గడ్డివాము వేసేటప్పుడు పెద్దవాళ్లు ముందు ఎడం చూసుకుంటారు. ఇంటికి ఎంత దూరం, పక్కవాళ్ల వాముకి ఎంత దూరం అని. ఒకదానికి నిప్పంటుకున్నా రెండోదైనా మిగలాలి కదా! కంప్యూటర్లవాళ్లు చెప్పే 'ఫైర్‌వాల్' వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. మంటలు ఒక గదినుంచి ఇంకో గదికి పాకకుండా కట్టే గోడకు ఇంగ్లిషులో ఆ పేరు. దాన్ని 1980ల చివర్లో నెట్‌వర్క్ నిపుణులు అరువు తెచ్చుకున్నారు. విచిత్రం ఏంటంటే, చాలా ఆఫీసులు పేరుని ఉంచుకుని అసలు సంగతి మర్చిపోయాయి. చుట్టూ ప్రహరీ కట్టి, లోపల వాములన్నీ ఒకదానికొకటి ఆనించి వేసేస్తున్నాయి!

'మాది చిన్న ఆఫీసు. మా దగ్గర ఏముందని హ్యాకర్లొస్తారు?' అనేవాళ్లే ఎక్కువ. శావల్యాపురంలాంటి మండల కేంద్రంలో ఓ ఎరువుల కొట్టు ఉందనుకుందాం. బిల్లులకో కంప్యూటరు, జీఎస్టీ లెక్కలకో కంప్యూటరు, ప్రింటరు, సీసీ కెమెరాల రికార్డరు, యజమాని ఫోను, గుమస్తాల ఫోన్లు... అన్నీ ఒకే రౌటర్‌కి వేలాడుతుంటాయి. కొట్టుకొచ్చిన కుర్రాడెవరైనా అడిగితే మొహమాటానికి వైఫై పాస్‌వర్డు చెప్పేస్తారు. అంతే, ఆ కుర్రాడి ఫోనూ, రైతుల బాకీల ఖాతాలున్న కంప్యూటరూ ఒకే గదిలోకి వచ్చినట్టు.

నిజానికి మామూలు రౌటర్లోనూ చిన్నపాటి ఫైర్‌వాల్ ఉంటుంది. లోపలివాళ్లు అడగనిదే బయటివాటిని రానివ్వదు. మంచి కాపలాదారే. మరి లోపలివాళ్లే తలుపు తీస్తే?

ఒక్క ఈమెయిల్ చాలు

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో అదే జరిగింది. 2022 జనవరిలో ఆ బ్యాంకునుంచి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము మాయమైంది. పోలీసులు ఆరా తీస్తే కథ అంతకు రెండు నెలల ముందే మొదలైందని తేలింది. 2021 నవంబరులో ఉద్యోగులకు దాదాపు 200 మోసపు ఈమెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచినవాళ్ల కంప్యూటర్లలో దొంగ ప్రోగ్రాము తిష్ఠ వేసింది. ప్రధాన కార్యాలయం, శాఖలు అన్నీ ఒకే నెట్‌వర్కులో ఉండటంతో ఒకచోట దూరినవాడికి అంతటా దారి దొరికిందని పోలీసులు చెప్పారు. భద్రతా లోపాలకుగాను 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

2017 మేలో ప్రపంచాన్ని వణికించిన 'వానాక్రై' సంగతీ గుర్తుండే ఉంటుంది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. శావల్యాపురం అప్పటికి ఉన్న గుంటూరు జిల్లా సహా మన రాష్ట్రంలో కొన్నిచోట్ల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది ఎవరూ ఏమీ నొక్కకుండానే ఫైళ్లు పంచుకునే దారిలో పక్క కంప్యూటర్లోకి పాకేది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ముందు లెక్క తీయండి

ఏం చేయాలి మరి? ఖరీదైన పెట్టె కొనడానికి ముందు ఓ నోటుపుస్తకం తీయండి. రౌటర్ పేజీ తెరిస్తే (చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1) దానికి తగులుకున్న పరికరాల జాబితా కనిపిస్తుంది. ఏది ఎవరిదో రాసుకోండి. ఆఫీసు పరికరాలు ఒక్కోదానికి మారని నంబరు కేటాయించండి. ఇంటి నంబర్లలాగే. ఆ తర్వాతే ఫైర్‌వాల్‌కి 'ఫలానా నంబరు ఫలానా చోటికే వెళ్లాలి' అని చెప్పడం కుదురుతుంది. బిల్లుల కంప్యూటరుకి జీఎస్టీ, బ్యాంకు, ఈమెయిలు, అప్‌డేట్లు చాలు. అన్నీ వదిలేసి చెడ్డవాటిని ఏరడంకన్నా, అన్నీ ఆపేసి కావాల్సినవాటికే దారివ్వడం తేలిక. మొదటి వారం 'అది రావట్లేదు, ఇది రావట్లేదు' అని గొడవ తప్పదు. ఓపిక పట్టాలి.

వచ్చేపోయేవాళ్లకు వేరే వైఫై ఇవ్వండి. 'గెస్ట్ నెట్‌వర్క్' సదుపాయం చాలా రౌటర్లలో ఉంటుంది. కెమెరాల రికార్డరును కొట్లోనే చూసుకునేట్టయితే దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. 2016లో 'మిరాయ్' అనే ప్రోగ్రాము పాస్‌వర్డు మార్చని ఇలాంటి కెమెరాలు, రికార్డర్లనే సైన్యంగా మార్చుకుంది. ఆ అక్టోబరులో దాని దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్‌లాంటివి గంటలపాటు చాలామందికి అందలేదు!

కంప్యూటర్ల లోపలా ఒక్కో ఫైర్‌వాల్ ఉంటుంది. విండోస్‌లో 2004 నుంచి అది దానంతటదే ఆన్‌లో ఉంటోంది. కానీ ప్రింటరు పనిచేయట్లేదని రిపేరు కుర్రాడు ముందు చేసే పని దాన్ని ఆపేయడం. మళ్లీ ఆన్ చేసేవాళ్లేరీ? వాములకి ఎడం ఉండేలా చూసేది అదే. విండోస్ 7కి 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అలాంటి పాత యంత్రం ఉంటే దాన్ని మిగతావాటినుంచి విడిగా పెట్టాల్సిందే.

నరసరావుపేటలోని ఆడిటరుగారు అక్కడినుంచే లెక్కలు చూసుకుంటారని 3389 పోర్టు తెరిచిపెట్టే అలవాటూ ఉంది. పోర్టంటే కిటికీలాంటిది. అలాంటివి ఒక్కో కంప్యూటరుకి 65 వేలకు పైనే. తెరిచి ఉన్నది ఏదా అని ప్రపంచమంతా వెతికే ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. ఆయనకి వీపీఎన్ పెట్టించండి. లెక్కల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో, డిస్కులోనో వేసి, పని అయ్యాక వైరు పీకి బీరువాలో పెట్టండి. ఎంత మంటైనా బీరువా దాకా పాకదు.

ఇంత చేశాక కూడా జాబితాలో ఎవరిదో తెలియని పేరొకటి మిగులుతుంది. దాన్ని ఆపేసి చూడండి. 'నెట్ రావట్లేదు సార్' అంటూ ఎవరైనా వస్తే అది వాళ్లదే. సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే... కొట్టు కట్టేసేలోపు వైఫై పాస్‌వర్డు మార్చేయండి.