ఒక్క సంచికతో ఆగిపోయిన పత్రిక

పోయిన సంచికకి కథలు ఏరుతున్నప్పుడు మా సంపాదక జట్టులో ఒక చిన్న గొడవ జరిగింది. గొడవంటే అరుచుకోవడం కాదు లెండి. క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని, టీ చల్లారిపోయేదాకా ఒక కథ గురించి వాదించుకున్నాం. అందులో ఒక హాస్టల్ కుర్రాడు ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ అన్ని సబ్జెక్టులూ పాసయ్యానని అబద్ధం చెబుతుంటాడు. నిజానికి అతనికి ఏడు బ్యాక్‌లాగులు. కథ బాగుంది. రాసినవాళ్లు మాత్రం తమ పేరు వెయ్యొద్దని అడిగారు.

"పేరు లేకుండా ఎలా వేస్తాం?" అన్నారొకరు. "సార్లు చూస్తే మన క్లబ్బుకే ఎసరు" అన్నారింకొకరు. "చివర్లో కొంచెం పాజిటివ్‌గా మారిస్తే వేద్దాం" అన్నది నేనే. రాసినవాళ్లు మార్చనన్నారు. మేం వెయ్యలేదు. ఆ పేజీలో వానాకాలం మీద ఒక కవిత వేశాం.

సెమిస్టర్ సెలవుల్లో అమెరికాలోని ఒక చిన్న పత్రిక గురించి చదివాను. దాని పేరు 'ఫైర్!!'. పేరులోనే రెండు ఆశ్చర్యార్థకాలున్నాయి. 1926 నవంబర్లో ఒకే ఒక్క సంచిక వచ్చి ఆగిపోయింది. చదువుతున్నంతసేపూ ఆ మెట్ల మీది సంభాషణే గుర్తొచ్చింది. అందుకే ఈ వ్యాసం.

అసలు 'జీన్' అంటే ఏంటి?

మ్యాగజీన్ అనే మాటకి తోక ముక్క ఇది. 1940 ప్రాంతంలో సైన్స్ ఫిక్షన్ అభిమానులు తాము సొంతంగా అచ్చేసుకునే పత్రికల్ని 'ఫ్యాన్‌జీన్' అన్నారు. తర్వాత్తర్వాత అది 'జీన్'గా మిగిలింది. దీని వెనక పెద్ద కంపెనీ ఉండదు, జీతాలుండవు, ప్రకటనలు దాదాపు ఉండవు. నలుగురు స్నేహితులు జేబులోంచి డబ్బులు తీసి అచ్చేస్తారు, వాళ్లే మోసుకెళ్లి అమ్ముతారు. 'ఫైర్!!' నాటికి ఈ పేరు పుట్టలేదు గానీ, పని మాత్రం అచ్చంగా ఇదే.

హార్లెమ్‌లో ఏం జరుగుతోంది?

న్యూయార్క్‌లో హార్లెమ్ అనే పేట ఉంది. 1920ల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నల్లజాతివాళ్లతో అది కిక్కిరిసిపోయింది. వాళ్లలో కవులు, కథకులు, చిత్రకారులు, సంగీతకారులు బోలెడంతమంది. ఆ కాలాన్నే ఇప్పుడు హార్లెమ్ రినైసాన్స్ అంటున్నారు.

మరి వాళ్లకి పత్రికలు లేవా అంటే, ఉన్నాయి. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ సంపాదకత్వంలో 'ది క్రైసిస్', చార్లెస్ జాన్సన్ నడిపిన 'ఆపర్చునిటీ' మంచి పేరున్నవే. ఈ కుర్ర రచయితల్లో చాలామంది వాటిలో రాసి పైకొచ్చినవాళ్లే. కానీ ఆ రెండు పత్రికల వెనకా హక్కుల కోసం, ఉద్యోగాల కోసం పోరాడే పెద్ద సంస్థలున్నాయి. తెల్లవాళ్ల పత్రికల్లో, నాటకాల్లో నల్లవాళ్లని సోమరులుగా, బఫూన్లుగా చూపిస్తున్న రోజులవి. అందుకే పెద్దలు "మనం రాసేది మన గౌరవం పెంచేలా ఉండాలి" అనుకునేవారు. కళ అంతా ప్రచారమేననీ, అలాగే ఉండాలనీ డుబోయిస్ 1926లోనే వాదించాడు.

ఆయన్ని తప్పుపట్టడం తేలిక. కానీ ఆయన భయం ఉత్తి భయం కాదు. మన గురించి ఎవడో చెడ్డగా రాస్తుంటే, మనమే మన ఇంట్లో గొడవలు రాసి వాడి చేతికివ్వడమెందుకు అనిపించడం సహజం. మేం మెట్ల మీద కూర్చుని అనుకున్నదీ దాదాపు అదే.

కుర్రవాళ్లు ఒప్పుకోలేదు. మంచివాళ్లనే కాదు, మేం చూసిన మనుషుల్ని ఉన్నదున్నట్టు రాస్తామన్నారు. లాంగ్‌స్టన్ హ్యూస్ అదే ఏడాది జూన్‌లో 'ది నేషన్' పత్రికలో ఈ మాటే గట్టిగా రాశాడు. అప్పటికి అతను లింకన్ యూనివర్సిటీలో చదువుకుంటున్న స్టూడెంటు.

ఏడుగురు, ఒక అద్దె ఇల్లు

136వ వీధిలో 267వ నంబరు ఇల్లు వీళ్ల అడ్డా. ఇంటావిడ అయొలాంథి సిడ్నీ కళాకారుల్ని అద్దె అడక్కుండానే ఉండనిచ్చేది. అక్కడే ఉండే వాలెస్ థర్మన్‌ని సంపాదకుడిగా పెట్టుకున్నారు. అతను లాస్ ఏంజెలెస్ నుంచి హార్లెమ్‌కి వచ్చి అప్పటికి ఏడాదే అయ్యింది.

మిగతావాళ్లు హ్యూస్, జోరా నీల్ హర్స్టన్, ఆరన్ డగ్లస్, గ్వెండొలిన్ బెనెట్, రిచర్డ్ బ్రూస్ నూజెంట్, జాన్ పి. డేవిస్. హర్స్టన్ బర్నార్డ్ కాలేజీలో చదువుతోంది. డేవిస్ హార్వర్డ్‌లో స్టూడెంటు. నూజెంట్‌కి ఇరవై ఏళ్లు. అంటే మన థర్డ్ ఇయర్ వాళ్ల వయసన్నమాట.

తలా యాభై డాలర్లు వెయ్యాలని ఒప్పందం. వేసింది ముగ్గురే. (ఫెస్ట్‌కి చందాలు వసూలు చేసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు.) అయినా థర్మన్ తగ్గలేదు. మంచి కాగితం, మంచి అచ్చు కావాలన్నాడు. ఎరుపూ నలుపూ రంగుల్లో డగ్లస్ వేసిన ముఖచిత్రం ఇప్పటికీ చూడదగ్గది. ఒక మనిషి ముఖం పక్కనుంచి కనిపిస్తుంది, దాంట్లోనే సింహంలాంటి ఆకారం కూర్చుని ఉంటుంది. సంచిక ధర ఒక డాలరు. ఆ రోజుల్లో హార్లెమ్‌లో ఒక పత్రికకి అది చాలా ఎక్కువ.

లోపల ఏముంది?

హర్స్టన్ రెండు రచనలిచ్చింది. 'స్వెట్' అనే కథలో డీలియా తెల్లవాళ్ల బట్టలుతికి ఇల్లు నడుపుతుంది. మొగుడు ఆమె సంపాదన తింటాడు, కొడతాడు, వేరే ఆమెతో తిరుగుతాడు. ఆమెకి పాములంటే ప్రాణభయమని తెలిసి ఇంట్లోకి విషసర్పాన్ని తెస్తాడు. చివరికి అది అతన్నే కాటేస్తుంది. డీలియా బయటే ఉండిపోతుంది, కాపాడటానికి లోపలికి వెళ్లదు. జాతి గౌరవం పెంచే కథ కాదిది. కానీ చదివాక డీలియాని మర్చిపోలేం. ఆమె నాటకం 'కలర్ స్ట్రక్' నల్లవాళ్లలోనే ఛాయ తక్కువ, ఛాయ ఎక్కువ అనే తేడాల గురించి. పెళ్లిచూపుల్లో "అమ్మాయి కాస్త చామనఛాయ" అనే మాట విన్న మనకి అది వేరే దేశం సంగతిలా అనిపించదు.

బెనెట్ రాసిన 'వెడ్డింగ్ డే'లో పారిస్‌లో ఉండే ఒక నల్లజాతి బాక్సర్‌ని అతను ప్రేమించిన తెల్లమ్మాయి పెళ్లిరోజునే వదిలేస్తుంది. థర్మన్ కథ పదహారేళ్ల అమ్మాయి వ్యభిచారంలోకి జారిపోవడం గురించి. హ్యూస్, కౌంటీ కలెన్, హెలీన్ జాన్సన్, ఇంకా కొందరి కవితలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ దుమారం రేపింది నూజెంట్ రచన 'స్మోక్, లిలీస్ అండ్ జేడ్'. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఒక అమ్మాయినీ, ఒక అబ్బాయినీ కూడా ప్రేమిస్తాడు. వాక్యాలు కూడా మామూలుగా ఉండవు, చుక్కలు చుక్కలుగా, ఆలోచన ఎలా తెగి ఎలా అతుక్కుంటుందో అలా సాగుతాయి. ఆ రోజుల్లో అలాంటి విషయాన్ని ఇంత బాహాటంగా రాసిన నల్లజాతి రచయిత దాదాపు లేడు. అమ్మానాన్నలకి తలవంపులు రాకూడదని నూజెంట్ ఇంటిపేరు తీసేసి 'రిచర్డ్ బ్రూస్' అని మాత్రం వేసుకున్నాడు.

ఇక్కడ చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. 1926లో డబ్బుల్లేని ఏడుగురు చెయ్యగలిగిన పని, నోటీసు బోర్డు, డ్రైవ్ లింకు, ఇంతమంది మనుషులు ఉండి కూడా మేం చెయ్యలేకపోయాం. పేరు దాచుకోవడం పిరికితనమని అప్పుడు వాదించాను. నిజానికి ఆ కథ రాసినవాళ్లు ధైర్యంగా చెప్పాల్సింది కథలో చెప్పేశారు. ధైర్యం చాలనిది మాకే.

ఆ తర్వాత ఏమైంది?

కథ సుఖాంతమైతే బాగుండేది. కాలేదు.

బాస్టన్‌లో నిషేధిస్తే బాగా అమ్ముడుపోతుందని వీళ్లు ఆశపడ్డారని నూజెంట్ తర్వాత చెప్పాడు. ఎవరూ నిషేధించలేదు. బాల్టిమోర్‌లోని ఒక నల్లజాతి పత్రిక సమీక్షకుడు, 'ఫైర్' మొదటి సంచికని ఇప్పుడే మంటలో పారేశానని రాశాడు. న్యూయార్క్‌లో కాపీలు పంచే బాధ్యత ఉద్యోగం లేని నూజెంట్‌కి అప్పగించారు. అతను కాలినడకన తిరిగి పంచాడు. వచ్చిన డబ్బు హార్లెమ్‌కి తిరిగొచ్చేలోపే తిండికి ఖర్చయిపోయేదని హ్యూస్ తన ఆత్మకథలో సరదాగా రాసుకున్నాడు. మిగిలిన కొన్ని వందల కాపీల్ని ఒక అపార్ట్‌మెంట్ నేలమాళిగలో దాచారు. అక్కడ నిజంగానే అగ్నిప్రమాదం జరిగి చాలామటుకు కాలిపోయాయి.

ప్రెస్సు బాకీ మాత్రం కాలిపోలేదు. మొత్తం ఖర్చు దాదాపు వెయ్యి డాలర్లు. సంతకం పెట్టింది థర్మన్. తర్వాత మూడు నాలుగేళ్లపాటు అతని జీతంలోంచి ఆ బాకీ కోసుకుంటూనే ఉన్నారు. అయినా 1928లో 'హార్లెమ్' అని ఇంకో పత్రిక మొదలుపెట్టాడు. అదీ ఒక్క సంచికే. 1934లో క్షయతో చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్లు.

ఈ భాగం దాటేసి "చూశారా, ఎంత గొప్ప పత్రికో" అని రాస్తే అబద్ధమవుతుంది. చిన్న పత్రికల గురించి మాట్లాడేటప్పుడు మనం రచయితల పేర్లే చెబుతాం. బిల్లు ఎవరు కట్టారో చెప్పం.

మరి ఏం మిగిలింది?

కాలిపోకుండా కొన్ని కాపీలు మిగిలాయి. 1982లో పత్రికని ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేశారు. అప్పటికి నూజెంట్ ఇంకా బతికే ఉన్నాడు. హర్స్టన్ 1960లో పేదరికంలో చనిపోయింది, సమాధికి రాయి కూడా లేదు. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి రాయి పెట్టించింది. ఇప్పుడు 'స్వెట్' అమెరికా కాలేజీల్లో పాఠం. హ్యూస్ సంగతి చెప్పక్కర్లేదు.

అంటే మనం వేసే ప్రతి కథా యాభై ఏళ్ల తర్వాత పాఠమవుతుందని కాదు. చాలావరకు అవ్వవు. నాకు అర్థమైంది వేరే. పెద్ద పత్రిక వెయ్యగలిగినదాన్నే మనమూ వేస్తే మన పత్రిక అవసరం ఎవరికీ లేదు. వానాకాలం కవిత ఏ ఆదివారం అనుబంధంలోనైనా వస్తుంది. ఏడు బ్యాక్‌లాగుల కుర్రాడి కథకి మన దగ్గర తప్ప చోటు లేదు.

రెండోది, బరువు ఒక్కడి మీద పడకూడదు. మనకి ప్రెస్సు బిల్లు లేదు. కానీ ప్రూఫులు దిద్దడం, యూనికోడ్ తప్పులు సరిచెయ్యడం, పేజీలు కట్టడం, రాత్రి రెండింటికి పీడీఎఫ్ ఎగుమతి చెయ్యడం, ఇవన్నీ ప్రతిసారీ ఇద్దరే చేస్తున్నారు. ఇద్దరూ ఫైనల్ ఇయరే. కవితలు పంపేవాళ్లు నలభై మంది ఉన్నారు, ఒత్తులు దిద్దేవాళ్లు లేరు. వాళ్లిద్దరూ వెళ్లిపోతే మనదీ ఆగిపోతుంది, మంటలు అక్కర్లేకుండానే.

అందుకని ఈ సంచిక నుంచి రెండు మార్పులు చేస్తున్నాం. కలం పేరుతో పంపొచ్చు. అసలు పేరు సంపాదకుల్లో ఒక్కరికే తెలుస్తుంది, వాళ్లు ఎవరికీ చెప్పరు. రెండోది, రచన అచ్చయిన ప్రతి ఒక్కరూ తర్వాతి సంచికకి ఒక సాయంత్రం పని చెయ్యాలి. ప్రూఫులో, పేజీలో, ఏదో ఒకటి.

ఆ కథ రాసినవాళ్లకి పోయిన వారం మెసేజ్ పెట్టాను. ముగింపు మార్చమన్నందుకు క్షమించమని అడిగాను. ఒక్క అక్షరం మార్చకుండా, ఏ పేరు కావాలంటే ఆ పేరుతో వేస్తామని రాశాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

పేజీ మాత్రం ఖాళీగా ఉంచాం.