మాలపల్లి: పాలకులు వెఱచిన నవల

నవల యనగా కాలక్షేపమునకు జదువుకొను కట్టుకథ యని పలువురి తలంపు. అట్టి కథను జూచి ప్రభుత్వ మేల భయపడవలెను? ఈ ప్రశ్నకు సమాధానము మన తెలుగుదేశముననే కలదు. అది ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి".

లక్ష్మీనారాయణగారు 1877లో గుంటూరు మండలములోని వేములూరుపాడున జన్మించిరి; ఐర్లండునకేగి బారిష్టరై వచ్చిరి. అడవిలో పశువులను మేపుకొనుటకు చెల్లింపవలసిన పుల్లరిపన్నుపై పల్నాటి రైతులు తిరుగబడిన దినములలో వారికి శిక్షపడెను. రాయవేలూరు చెఱసాలలో నుండి వారీ నవలను వ్రాసిరి. 1922లో నది వెలువడగా, మఱుసటి యేడే చెన్నపురి ప్రభుత్వమువారు నిషేధించిరి.

కథ యెట్టిది? ధాన్యపు ధరలు హెచ్చినప్పుడు భూస్వాములు కూలివాండ్రకు గింజలు మాని డబ్బిత్తుమనిరి. ఆ డబ్బుతో కడుపు నిండదు. కూలివాండ్ర పక్షమున నిలిచిన సంగదాసు, భూస్వామియగు చౌదరయ్య చేతిదెబ్బకు మరణించెను. అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడను మాఱుపేరు దాల్చి ధనికులను దోచి పేదలకు బంచెను. తుదకు చెఱసాలలో గన్నుమూసెను. తండ్రి రామదాసు మాత్రము ఓర్పును విడువలేదు. సంగదాసు పేర వెలసిన సంగపీఠము పేదలకు విద్య గఱపుటకు బూనుకొనెను.

సముద్రముల కావల, స్పెయినువారి యేలుబడిలోనుండిన ఫిలిప్పీను ద్వీపములలో నిట్టిదే జరిగియుండెను. జోసె రిజాలను వైద్యుడు 1887లో "నోలి మే తాంహెరె" యను నవలను బ్రకటించెను. అందు కథానాయకుడు స్వగ్రామమున పాఠశాల కట్టింపబూనగా, శంకుస్థాపన దినముననే యతనిని జంప యత్నించిరి. మతము పేర పెత్తనము జేసిన సన్న్యాసులను రిజాలు దాచక చిత్రించెను. ఆ గ్రంథమును బాలకులు నిషేధించిరి. 1896 డిసెంబరు 30వ తేదీన మనీలాలో నతనిని కాల్చి చంపిరి. మిషను పాఠశాలకు జెందిన మనమీ సంగతిని దాటవేయరాదు. మతము సేవకొఱకే గాని పెత్తనముకొఱకు గాదని యది మనకు జెప్పుచున్నది.

రెండు నవలలయందును పాఠశాల ప్రసక్తి యుండుట గమనింపదగినది. దోపిడిగాని నొకనిని బంధింపవచ్చును. తన కూలి తాను లెక్కించుకొని, తన పత్రము తాను జదువుకొను పేదవానిని మోసగించుట కష్టము. పాలకులు వెఱచిన దిందులకే యని మా తలంపు.

1928లో మాలపల్లి పునర్ముద్రణకు అనుమతి దొరకెను. మన నెల్లూరున "జమీన్ రైతు" పత్రిక పుట్టి జమీందారీ రైతుల గోడు వినిపించెను. 1936లో మరల నిషేధింపబడిన నవలకు 1937లో విముక్తి కలిగెను. 1948 నాటి చట్టముచే జమీందారీలును రద్దయ్యెను.

విద్యార్థులారా! మాలపల్లి వాడుకభాషలో నున్నది గావున చదువుట సులభము. చదివిన పిమ్మట, మన తీరగ్రామములలో పూర్వము కూలి యే కొలతతో గొలిచెడివారో ఇంటి పెద్దల నడుగుడు. నవలలో లేని యధ్యాయము మీకు వారు చెప్పగలరు.