నైటీకి జేబు

"నాకు వాకింగెందుకండీ? పొద్దున అయిదింటికి లేస్తే రాత్రి పది దాకా కాలు ఒకచోట నిలవదు." ఈ మాట డాక్టరమ్మతో అన్నది నేనే. హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మం ముందు నిలబడ్డట్టే. మా అమ్మకి షుగరు. ఆవిడ కాలి పుండు నెలల తరబడి మానకపోవడం చూసినదాన్ని, భయం వేసింది.

డాక్టరమ్మ వాదించలేదు. "మీ ఫోన్లోనే అడుగులు లెక్కపెట్టే ఏర్పాటుంది. వారం చూసి రండి" అన్నారు.

చూశాను. మావారికి ఆరువేలు. నాకు నాలుగు వందలు! ఉక్రోషం వచ్చింది. తర్వాత వెలిగింది. నా ఫోను రోజంతా ఫ్రిజ్ మీద కూర్చుంటుంది. ఆయన చొక్కాకి జేబుంది, నా నైటీకి లేదు! ఒంటిమీద ఉంటేనే కదా లోపలున్న సెన్సరు కదలికను పసిగట్టేది. టైలరు దగ్గరికెళ్లి జేబు కుట్టించుకున్నాను. ఇక చూసుకోండి నా ప్రతాపం అనుకున్నాను.

ఆ రోజు గడప దాటలేదు. పడుకోబోతూ చూస్తే 2,900. ఇల్లు ఊడ్చి, మూడు పూటలా వండి, బట్టలారేసి... ఇంతేనా? ఫోనుకి బట్టలు ఉతికిన చేతుల సంగతి తెలీదు, నిజమే. కానీ నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను, సింకు దగ్గర నిలబడ్డాను, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాను. నడిచింది తక్కువే. అలిసిపోవడం వేరు, నడవడం వేరని నలభై ఏళ్లు రాబోతుండగా తెలిసింది నాకు.

పదివేలు నడవాలేమోనని బెదరకండి. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు 'మాంపో-కెయ్'. అంటే పదివేల అడుగుల మీటరు. అంకె అలా పాతుకుపోయింది. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 16,700 మందికి పైగా స్త్రీల అడుగులు లెక్కగట్టారు. వాళ్ల సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనంగా కలిసొచ్చిందేమీ కనబడలేదు. మా వీధి చివరి గుడిదాకా రెండుసార్లు వెళ్లొస్తే నాకు రెండువేలు కలుస్తున్నాయి.

ఇక తిండి లెక్క. మొదట వేసుకున్న యాప్‌కి గోంగూర పప్పంటే ఏమిటో తెలీదు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 'న్యూట్రిఫై ఇండియా నౌ' అనే యాప్ తెచ్చింది. అందులో మన దేశపు ఆహారాల పోషక విలువలున్నాయి. అయితే నాకు కళ్లు తెరిపించింది కేలరీలు కాదు, తిన్నదల్లా రాయడం. కంచంలో తిన్నది సరే. బాబు వదిలేసిన పెరుగన్నం? విరిగిన ఆఖరి దోసె? పారేయలేక నోట్లో వేసుకున్న నిన్నటి మైసూర్‌పాకు ముక్క? నాలుగు టీలకి రెండేసి చెంచాల చొప్పున ఎనిమిది చెంచాల పంచదార! అన్నీ కలిపి ఆరు చెంచాల లోపు ఉంటే మరీ మంచిదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సిగ్గేసి, రెండు టీలు మానేశాను. మిగిలిన అన్నం ఇప్పుడు మావారూ పంచుకుంటున్నారు, సణుగుతూనే.

మూడు నెలలకి పరీక్షలో 5.9. ఇంకా గుమ్మంలోనే ఉంది. మొన్న కొత్త నైటీ ఇవ్వడానికి వెళితే టైలరు నవ్వాడు. "మీ పక్కింటమ్మగారు కూడా జేబు పెట్టమని మూడు నైటీలు ఇచ్చెళ్లారమ్మా!"