సైకిలు పందెమూ, దారి గీసేవారూ

ఫ్రాన్సు దేశంలో యేటేటా జరిగే 'టూర్ ద ఫ్రాన్స్' సైకిలు పందెం సంగతి మన పాఠకులు వినే ఉంటారు. ఇరవైమూడు రోజుల పందెం. విశ్రాంతి రెండు రోజులే. తక్కిన 21 రోజులలో సుమారు 3,400 కిలోమీటర్లు తొక్కాలి. గెలుపంతా కాళ్ళ బలమని లోకం అనుకుంటుంది. సగం గెలుపు దారి గీసే పటం మీదనే తేలిపోతుందని మేమంటాము.

2012లో ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పరుగులను 100 కిలోమీటర్లకు పైగా పెట్టారు. అందులో ఆరితేరిన విగిన్స్ గెలిచాడు. 2015లో అటువంటి పరుగు 14 కిలోమీటర్లయినా లేదు. మొదటి రెండు స్థానాలూ కొండలెక్కడంలో దిట్టలైన ఫ్రూమ్, కింటానాలకు దక్కినవి.

1910లో 2,115 మీటర్ల టూర్మలే కనుమను మొదటిసారి దారిలో చేర్చారు. మన ఉదకమండలం కంటె కొంచెమే తక్కువ ఎత్తు. ఆనాటి బాట మట్టిబాట. ఆ ఒక్కరోజు దూరమే 326 కిలోమీటర్లు. లపీజ్ అనే రౌతు నిర్వాహకులను హంతకులని తిట్టిపోశాడు. ఆ యేడు పందెం గెలిచినవాడూ అతడే!

వెనుకబడేవారి పాట్లు వేరు. గెలిచినవాని కాలం మీద ఇంత శాతమని గడువు ఉంటుంది. మాబోటి గుమాస్తాలు ఆలస్యమైతే హాజరుపట్టీలో ఎర్రగీతతో పోతుంది. వీరికి పందెమే పోతుంది. దారి పొట్టిదైతే సుళువనుకోరాదు. ముందువారు మొదటినుంచే ఉరుకుతారు, గడువు నిమిషాలు తగ్గిపోతాయి. చదునులో మెరుపువేగంతో పోయే బరువైన రౌతులకు అది గండం.

వారిలో ఒకడు డచ్చి దేశపు యాకబ్సన్. 2020 ఆగస్టులో పోలండు పందెంలో, కటోవీత్సె పట్టణాన, ముగింపుగీతను పల్లానికి వాలిన రోడ్డు మీద పెట్టారు. వేగం గంటకు 80 కిలోమీటర్లు. తోటివాడు పక్కకు నెట్టగా ఇతడు కంచెలోకి దూసుకుపోయి, ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి చేరాడు. నెట్టినవానికి తొమ్మిది నెలల నిషేధం పడింది. అది న్యాయమే. కాని అటువంటి పల్లంలో యేళ్ళ తరబడి ముగింపు పెడుతూ వచ్చినవారి మాటేమిటి?

యాకబ్సన్ కోలుకుని 2022 టూర్‌లో రెండవనాటి పరుగు గెలిచాడు. పదిహేడవనాడు పైరగూడ్ కొండ వచ్చింది. దూరం 130 కిలోమీటర్లే. చివర విమానాలు దిగే నిట్టనిలువు బాట. గడువుకు కొద్ది సెకన్ల ముందు గీత దాటాడు. మరునాటి దారీ కొండదారే.