మూడో ఏడాది తీర్పు

కొత్త ఫోను గురించి కంపెనీ చెప్పింది వార్త అవుతుంది. పాత ఫోను గురించి జనం అనుకునేది పిచ్చాపాటీగా మిగిలిపోతుంది. సరుకు ఎక్కువున్నది ఆ పిచ్చాపాటీలోనే.

"అప్‌డేట్ కొట్టినంక ఫోన్ మస్తు స్లో అయింది."

"కావాలనే చేస్తారండీ. లేకపోతే మనం కొత్తది కొంటామా?"

"ఇందాక చీరల సంగతి అనుకున్నామా, అప్పుడే చీరల యాడ్ వచ్చేసింది. వింటోంది వదినా, ఇది వింటోంది!"

"డబ్బాలో ఛార్జర్ కూడా ఇవ్వట్లేదు. రేపు ఫోనూ మనల్నే తెచ్చుకోమంటారేమో."

బస్సులో, పెళ్లి భోజనాల బంతిలో, బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నచోట ఇలాంటి మాటలు వినపడుతూనే ఉంటాయి. అనేవాళ్లకి తమ ఫోనులోని ప్రాసెసర్ పేరు తెలిసి ఉండకపోవచ్చు. అందుకే కాస్త సాంకేతిక జ్ఞానం ఉన్నవాళ్లు విని నవ్వేసి ఊరుకుంటారు. కానీ ఒక లెక్క చూడండి. పత్రికలో, యూట్యూబ్‌లో సమీక్ష రాసేవాడి చేతిలో ఫోను వారమో పది రోజులో ఉంటుంది. అదీ చాలాసార్లు కంపెనీ పంపిన ఫోనే, కంపెనీ చెప్పిన ముహూర్తానికే సమీక్ష బయటికి రావాలి. జనం మాత్రం సొంత డబ్బు పెట్టి కొంటారు, దానితో మూడేళ్లు వేగుతారు. బ్యాటరీ ఉబ్బడం, స్టోరేజ్ నిండిపోవడం, పిన్ను వదులై వైరు వంచి పట్టుకుంటే తప్ప ఛార్జింగ్ ఎక్కకపోవడం, ఇవన్నీ ఆ మూడేళ్లలోనే జరుగుతాయి. ఏ సమీక్షలోనూ ఉండవు.

జనం మాటల్ని కాస్త జాగ్రత్తగా విన్నప్పుడు నాకు అర్థమైంది ఇది: వాళ్ల కంటికి కనపడింది చాలాసార్లు నిజం, దానికి చెప్పుకునే కారణం చాలాసార్లు తప్పు. కంపెనీలకి ఈ రెండోది మహా అనుకూలం. తప్పుడు కారణాన్ని పట్టుకుని "అపోహలు నమ్మకండి" అనేస్తే, కంటికి కనపడిన నిజం కూడా దానితో పాటే కొట్టుకుపోతుంది.

దీనికి 2017 డిసెంబరులో జరిగినదాన్ని మించిన ఉదాహరణ లేదు. అంతకు ముందు చాలా ఏళ్లుగా ఐఫోన్ వాడకందారులు "పాత ఫోన్లని స్లో చేస్తున్నారు" అని గొణుగుతూనే ఉన్నారు. అది కుట్ర సిద్ధాంతాల ఖాతాలో పడిపోయింది. అప్పుడు ఐఫోన్ 6ఎస్ ఉన్న ఒకాయన పాత బ్యాటరీ తీసేసి కొత్తది వేశాక ఫోను వేగం బాగా పెరిగిందని అంకెలతో సహా బయటపెట్టాడు. ఫోన్ల వేగం కొలిచే గీక్‌బెంచ్ వ్యవస్థాపకుడు జాన్ పూల్ తన దగ్గర పోగైన కొలతలు తిరగేశాడు. పాత సాఫ్ట్‌వేర్ ఉన్నంతకాలం ఒక మోడల్ ఫోన్లన్నీ దాదాపు ఒకే వేగం దగ్గర గుమిగూడి ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక అవే ఫోన్లలో కొన్ని మెట్లు మెట్లుగా కిందికి దిగిపోయాయి. వయసు వల్ల నెమ్మదిస్తే అలా మెట్లు రావు, ఎవరో గీత గీసినట్టు ఆగవు. పూల్ ఈ సంగతి డిసెంబరు 18న ప్రచురించాడు. రెండు రోజులు తిరక్కుండానే యాపిల్ ఒప్పుకుంది. నెలాఖరుకి క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకి దించింది.

అయితే ఎందుకు చేసిందన్న దగ్గర జనం లెక్క పూర్తిగా సరిపోలేదు. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడితే దానిలో పట్టే ఛార్జ్ ఒక్కటే కాదు, అడిగిన క్షణాన గబుక్కున కరెంటు ఇచ్చే సత్తా కూడా తగ్గుతుంది. లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, పెద్ద గేమ్ మొదలుపెట్టినప్పుడో ప్రాసెసర్ ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ కూలిపోయి, తెర మీద 30 శాతం ఛార్జ్ కనిపిస్తుండగానే ఫోను టపీమని ఆరిపోతుంది. అలా ఆరిపోకుండా యాపిల్ 2017 మొదట్లో ఇచ్చిన అప్‌డేట్‌లో ప్రాసెసర్ దూకుడుకి కళ్లెం వేసింది. ఇంజినీరుగా చూస్తే అది దుర్మార్గమేమీ కాదు. అంబులెన్సుకి ఫోను చేయబోతే ఆరిపోవడం కన్నా నెమ్మదిగా నడవడమే నయం. దుర్మార్గమల్లా చెప్పకపోవడంలో ఉంది. "నీ ఫోను బాగానే ఉంది, బ్యాటరీ మార్చుకో చాలు" అనే ఒక్క ముక్క తెర మీద కనపడి ఉంటే ఎంతమంది కొత్త ఫోను ఖర్చు తప్పించుకునేవారో!

తర్వాత సంగతి తెలిసిందే. ఫ్రాన్స్ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికాలో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లిస్తామని యాపిల్ అదే ఏడాది రాజీకి వచ్చింది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఆ డబ్బు బాధితుల చేతికి అందేసరికి 2024 జనవరి అయింది, మనిషికి 92 డాలర్ల చొప్పున. ఇది ఒక్క ఐఫోన్ వాళ్ల గొడవ అనుకోకండి. ఇటలీ 2018 అక్టోబరులో జరిమానా వేసిన జాబితాలో శాంసంగ్ కూడా ఉంది. నోట్ 4 ఫోన్లకి, వాటికన్నా కొత్తదైన నోట్ 7 కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ని ఎక్కించుకోమన్నందుకు 50 లక్షల యూరోలు.

ఇప్పుడు "వింటోంది వదినా" సంగతి.

ఇది తప్పని నిరూపించడానికి చాలామందే ప్రయత్నించారు. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు చెప్పారు. దొంగచాటుగా మైకు తెరిచి మాటలు బయటికి పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. కానీ వెతకనిది ఒకటి దొరికింది. కొన్ని యాప్‌లు తెర మీద మనం చేసేదంతా వీడియోలా తీసి ఇంకో కంపెనీకి పంపుతున్నాయి!

మరి చీరల యాడ్ ఎలా వచ్చినట్టు? వదినా ఆడపడుచూ ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఉన్నారు. ఇద్దరి ఫోన్లలోనూ రెండోవారి నంబర్ ఉంది. ఇద్దరూ కలిసి మొన్న ఒకే బట్టల షాపుకి వెళ్లొచ్చారు. వాళ్లలో ఒకరు నిన్న రాత్రి పోచంపల్లి చీరలు వెతికారు. ఇంత తెలిశాక మాటలు వినాల్సిన అవసరం ఏముంది? మైకు కన్నా ఇదే ఎక్కువ భయపెట్టాలి నిజానికి. కానీ "ఫోను వింటోంది" అన్నంత సులువుగా ఇది నోటికి రాదు, తలకి ఎక్కదు. అలాగని జనం అనుమానం గాలిలోంచి పుట్టిందీ కాదు. యాపిల్ వాయిస్ అసిస్టెంట్ సిరి పొరపాటున మేలుకుని రికార్డు చేసిన మాటల ముక్కల్ని నాణ్యత పరీక్ష పేరుతో కాంట్రాక్టు ఉద్యోగులు వింటున్నారని 2019లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. దాని మీద పడిన దావాలో 9.5 కోట్ల డాలర్లకి యాపిల్ 2025 జనవరిలో రాజీకి వచ్చింది. తప్పు మళ్లీ ఒప్పుకోలేదు.

ఛార్జర్ విషయంలో జనం వెటకారం నూటికి నూరు పాళ్లు న్యాయమే. 2020 అక్టోబరులో ఐఫోన్ 12 డబ్బాలోంచి యాపిల్ ఛార్జర్ తీసేస్తే శాంసంగ్ ఒక పోస్టు పెట్టి ఎగతాళి చేసింది. మూడు నెలల్లో తన ఎస్21 డబ్బాలోంచీ ఛార్జర్ మాయం. ఎగతాళి చేసిన పోస్టూ మాయం. ఇయర్‌ఫోన్ రంధ్రం కథా ఇంతే: 2016లో ఒకరు మూశారు, ఇంకొకరు వెక్కిరించారు, 2019కి వాళ్లూ మూశారు. పర్యావరణం కోసమన్నారు, ధైర్యం అన్నారు. డబ్బాలో సామాను తగ్గించడాన్ని మన కిరాణా కొట్లో ఏమంటారో చెప్పక్కర్లేదు.

జనం బోల్తా పడేచోట్లూ ఉన్నాయి. మెగాపిక్సెళ్లు వాటిలో మొదటివి. 108 మెగాపిక్సెల్ అని అట్ట మీద అచ్చేసిన ఫోను మామూలుగా తీసేది 12 మెగాపిక్సెల్ ఫొటోనే, తొమ్మిది చుక్కల్ని కలిపి ఒకటి చేస్తుంది. రాత్రంతా ఛార్జింగులో ఉంచితే పేలిపోతుందనే భయమూ అలాంటిదే. నిండాక ఛార్జింగ్ ఆపే సర్క్యూట్ లోపలే ఉంటుంది. కాకపోతే దిండు కింద వేడెక్కుతూ వంద శాతం మీద తెల్లవార్లూ ఉంటే బ్యాటరీకి ముసలితనం తొందరగా వస్తుంది. అందుకే ఇప్పటి ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపుకునే వీలు ఇస్తున్నారు.

పాత నోకియా మీద ప్రేమలో మాత్రం నిజమూ ఉంది, మతిమరుపూ ఉంది. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దుమ్ము దూరని కీప్యాడ్, కరెంటు పోతే టార్చిలైటు. మనలాంటి దేశాలను చూసి చేసిన ఫోను అది. చచ్చిపోయిన 1100లు చెత్తలో కలిసిపోయాయి, బతికినవే మన కళ్ల ముందున్నాయి కాబట్టి అన్నీ అమరమే అనిపిస్తుంది. అదే నోకియాకి 2007 ఆగస్టులో వచ్చిన తిప్పలు గుర్తున్నవాళ్లు తక్కువ. జపాన్ కంపెనీ మత్సుషిత తయారుచేసిన బీఎల్-5సీ బ్యాటరీల్లో 4.6 కోట్లు వేడెక్కే ప్రమాదం ఉందని ప్రకటన వచ్చింది. మన ఊళ్లలోనూ బ్యాటరీ పేలుతుందన్న భయం పాకింది, సర్వీస్ సెంటర్ల ముందు జనం. అయితే అప్పుడు ఎవరికి వాళ్లు గోటితో వెనక మూత తీసి, బ్యాటరీ మీది 26 అక్షరాల నంబర్ చదువుకుని, తమది ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోగలిగారు. ఇవాళ అదే ప్రకటన వస్తే మూత తీయడానికి హీట్ గన్ కావాలి.

ఆ హీట్ గన్ పట్టుకున్న కుర్రాళ్లు ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో కనపడతారు. ఏ మోడల్‌లో ఏది ఎన్నాళ్లకి పోతుందో వాళ్లకి కంఠతా వచ్చు. "డిస్‌ప్లే కాంబో మార్చాలన్నా, ఒరిజినల్‌కి ఇంత, ఫస్ట్ కాపీకి ఇంత" అని అడగ్గానే చెప్తారు. ఈ మధ్య వాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు తెర మీద నిలువుగా పడే ఆకుపచ్చ గీత. అప్‌డేట్ కొట్టగానే పడిందని వచ్చినవాళ్లు అంటారు. అప్‌డేట్ వేళ ఫోను వేడెక్కుతుంది గనక అనుమానం అటు పోవడం సహజమే. ఇక్కడా చూసింది నిజమేనని తేలింది. వన్‌ప్లస్ 2024 చివర్లో ఈ గీత సమస్యకు భారత్‌లో జీవితకాల వారంటీ ప్రకటించింది. తెర అంచుల్ని మరింత గట్టిగా సీలు చేస్తున్నామని, 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో పరీక్షిస్తున్నామని చెప్పింది. అంటే వేలు సాఫ్ట్‌వేర్ వైపు కాక వేడి, తేమల వైపు చూపించినట్టే. మే నెల బెజవాడలోనో, ఉక్కపోసే విశాఖలోనో ఫోను వాడేవాళ్లకి ఆ రెండూ కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

జనం గొణుగుడు కొన్నిచోట్ల చట్టాల్లోకి ఎక్కింది. ఫ్రాన్స్ 2021లో ఫోన్లకి మరమ్మతు సౌలభ్యం మీద పదికి ఇన్ని మార్కులని వేయించడం మొదలుపెట్టింది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు: ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు, 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సత్తా మిగిలి ఉండాలి. 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీ వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలన్నది ఇంకొకటి, కొన్ని మినహాయింపులతో.

మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది. ఫోన్లకి మరమ్మతు సూచీ ఎలా ఉండాలో తేల్చేందుకు వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. తయారీ సంగతికొస్తే, శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లోనే షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. దేశంలో తయారైన తొలి షావోమీ ఫోనును ఆ ఆగస్టులో విశాఖలోనే విడుదల చేశారు. ఫోను ఇక్కడ తయారవుతోందన్నది పెద్ద వార్త అయింది, కావాల్సిందే. పాడైతే దాని తెర ఏ ధరకి, ఎన్నేళ్లపాటు దొరుకుతుందన్నది కూడా అంత పెద్ద అక్షరాల్లో రావాల్సిన వార్తే.

అందాకా కొనేవాళ్లు షోరూంలో ర్యామ్ ఎంత, కెమెరా ఎంత అన్నాక రెండు ప్రశ్నలు కలుపుకోవచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి? డిస్‌ప్లే పగిలితే కంపెనీ రేటెంత? గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామన్నాయి. పదిహేను వేల లోపు ఫోన్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. సేల్స్ కుర్రాడు నీళ్లు నమిలితే, రిపేరు షాపుకి ఒకసారి ముందే వెళ్లి రావడంలో తప్పు లేదు. మూడేళ్ల కిందటి అదే కంపెనీ ఫోన్లు ఆ బల్ల మీద ఎన్ని విప్పి ఉన్నాయో అక్కడ ఊరికే కనపడుతుంది.