గేటు దగ్గరే ఆపాలి... టికెట్‌ని మాత్రం కాదు!

శనివారం. సెలవు రోజు. క్యాంపులో బట్టలు ఉతుక్కునేవాళ్లు ఉతుక్కుంటున్నారు, ఇంటికి ఫోన్లు చేసుకునేవాళ్లు చేసుకుంటున్నారు. స్టీల్ ఫిక్సర్‌గా చేసే మా జగిత్యాల తమ్ముడు మాత్రం నా రూము గుమ్మం వదల్లేదు. "అన్నా, టికెట్ ఇంకా రాలే. రేపు రాత్రే ఫ్లైట్ అన్నరు. బుధవారం చెల్లె పెండ్లి" అని ఒకటే గోల. హెడ్డాఫీసు వాళ్లు గురువారమే బుక్ చేశామన్నారు. సైట్ ఆఫీసు మెయిల్ చూస్తే ఏమీ లేదు. ట్రావెల్స్ వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

ఆ టికెట్ ఎక్కడికీ పోలేదు. మా కంపెనీలోనే ఒక మూల ఉన్న పాత కంప్యూటర్‌లో కూర్చుని ఉంది. దాన్ని అక్కడ కూర్చోబెట్టింది ఒక రకంగా నేనే. ఆ కథ చెప్తాను.

ఇది 2018లో ఒమన్‌లో, బర్కా దగ్గర మా సైట్‌లో జరిగింది. నేను ఐటీ వాణ్ణి కాదు, సివిల్ డిప్లొమా చేసిన సూపర్‌వైజర్ని. సైట్ ఆఫీసులో మెయిల్ చూసేవాడు లేక ఆ పని నా నెత్తిన పడింది. డ్రాయింగులు, మెటీరియల్ ఆర్డర్లు, క్యూబ్ టెస్ట్ రిపోర్టులు అన్నీ మెయిల్లోనే వస్తాయి. పొద్దున్నే తెరిస్తే లాటరీ తగిలిందని ఒకడు, మందులు చవకని ఇంకొకడు. ఆ చెత్తలో ఒకసారి సవరించిన డ్రాయింగ్ కనబడలేదు. పాత డ్రాయింగ్ పట్టుకుని సగం రోజు రాడ్లు కట్టి, మళ్లీ విప్పాం.

అప్పుడు హెడ్డాఫీసులో ఐటీ చూసే విజయవాడ తమ్ముడు ఒక ఉపాయం చేశాడు. అసలు మెయిల్ సర్వర్‌ని ముట్టుకోలేదు. పక్కన పడేసిన ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి, దాన్ని ముందర కాపలాగా పెట్టాడు. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. మెయిల్ అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, చెత్త పట్టడానికి స్పామ్ అసాసిన్, వైరస్‌లు చూడటానికి క్లామ్ ఏవీ.

"ఉన్న సర్వర్లోనే పెట్టొచ్చు కదా?" అని అడిగాను. "అన్నయ్యా, సిమెంటు గోడౌన్ తలుపులో ఎవరైనా ఇసుక జల్లిస్తారా?" అన్నాడు. ఒక్కో మెయిల్‌ని వందల రూల్స్‌తో చూడాలి, అది బరువైన పని. వేరే మెషీన్ అయితే అసలు సర్వర్ నెమ్మదించదు, బయటి ప్రపంచానికి నేరుగా కనబడదు కూడా. ఒకవేళ ఆ పాత డబ్బా కాసేపు ఆగినా కొంప మునగదు. పంపినవాళ్ల సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, మామూలుగా కొన్ని రోజుల దాకా.

ఇందులో ముఖ్యమైన పని ఒకటుంది. కంపెనీ పేరు మీద వచ్చే మెయిల్ ఏ మెషీన్‌కి చేరాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. దాన్ని కొత్త మెషీన్ వైపు తిప్పాలి. అంతటితో సరిపోదు. పాత సర్వర్ తలుపు కూడా బయటివాళ్లకి మూసేయాలి. లేకపోతే స్పామ్ పంపేవాళ్లు ముందు గేటు వదిలేసి వెనక గేటునుంచి దూరతారు.

ఇక గేటు దగ్గర ఏం జరుగుతుందో మన సైట్ భాషలో చెప్తాను. ట్రాన్సిట్ మిక్సర్ రాగానే చలానా చూస్తాం, స్లంప్ టెస్ట్ చేస్తాం. బాగోకపోతే లారీని అక్కడే తిప్పి పంపుతాం. పోసేశాక పగలగొట్టం కదా! మెయిల్ కూడా అంతే. దొంగ అడ్రస్ అని పేరుపడ్డ చోటునుంచి వచ్చినా, మన కంపెనీలో లేని మనిషి పేరు మీద వచ్చినా గేటులోనే వద్దనాలి. లోపలికి తీసుకుని తర్వాత తిరగ్గొట్టకూడదు. ఎందుకంటే స్పామ్‌లో పంపినవాడి అడ్రస్ చాలాసార్లు దొంగదే. మనం తిరగ్గొట్టింది ఏ పాపం తెలియని వాడి నెత్తిన పడుతుంది.

గ్రే లిస్టింగ్ అని ఇంకో కిటుకు ఉంది. ముక్కూమొహం తెలియని సర్వర్‌తో "కాసేపాగి రా" అంటారు. సరైన సర్వర్ మళ్లీ వస్తుంది. టోకున చెత్త చల్లేవాడు చాలాసార్లు మళ్లీ రాడు. కాకపోతే కొత్తవాళ్ల మంచి మెయిల్ కూడా కొంత ఆలస్యమవుతుంది.

గేటు దాటిన వాటికి స్పామ్ అసాసిన్ మార్కులు వేస్తుంది. దీన్ని 2001లో జస్టిన్ మేసన్ తయారుచేశారు. సబ్జెక్టు అంతా పెద్దక్షరాలైతే కొన్ని మార్కులు, మాటల్లేకుండా బొమ్మే ఉంటే ఇంకొన్ని. మొత్తం 5 దాటితే స్పామ్ అని లెక్క. మనం మంచివి 200, చెత్తవి 200 చూపిస్తే గానీ సొంత తెలివి మొదలుపెట్టదు. కొత్త హెల్పర్‌కి పని నేర్పినట్టే!

మొదటి నెలలో చెత్త బాగా తగ్గింది. నాకు ఆశ పెరిగింది. మిగిలిన ఆ నాలుగూ కూడా ఎందుకని, "5 కాదు, మా సైట్‌కి 3 పెట్టు తమ్ముడూ" అని పోరు పెట్టాను. అతను వద్దన్నాడు. నేను వినలేదు.

ఆ శనివారం అతనికి ఫోన్ చేశాను. లాగ్ వెతికి, "వచ్చింది అన్నయ్యా, 3.6 మార్కులతో ఆగిపోయింది" అన్నాడు. ట్రావెల్స్ వాడు సబ్జెక్టు మొత్తం పెద్దక్షరాల్లో కొట్టి, టికెట్‌ని బొమ్మలా పంపాడు. 5 ఉంచి ఉంటే గురువారమే నా ముందుండేది. ప్రింటు తీసి చేతిలో పెడితే ఆ తమ్ముడు దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, ఏమీ అనకుండా బ్యాగు సర్దుకోవడానికి వెళ్లాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజే మళ్లీ 5 పెట్టించాను. ఆగిన మెయిళ్ల జాబితా రోజూ పొద్దున నాకు వచ్చేలా చేయించాను. రెండు నిమిషాల పని. చెత్త ఒకటి లోపలికొస్తే చెరిపేస్తాం. మంచిది ఒకటి ఆగిపోతే ఎవరి ఇంట్లో ఏం ఆగుతుందో మనకి తెలియదు.

ఇప్పుడు చాలా కంపెనీలు మెయిల్‌ని గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి వాళ్లకే అప్పగించేశాయి. జల్లెడ పని వాళ్లదే. అయినా స్పామ్ ఫోల్డర్ చూసుకోవడం మన పనే.

మిత్రులారా, ఇంకో మాట. ఆఫీసు గేటుకి కాపలా ఉంది, మన జేబులో ఫోన్‌కి ఎవరున్నారు? "వీసా రెడీ, ముందు డబ్బు కట్టు" అనే మెయిల్ ఏ జల్లెడకీ చిక్కకపోవచ్చు. భాష శుభ్రంగా, లెటర్‌హెడ్ అసలుదానిలా ఉంటుంది. ఏజెంటు పేరు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. సప్లయర్ "మా బ్యాంకు ఖాతా మారింది" అని రాస్తే, ఆ మెయిల్లో ఉన్న నంబరుకి కాకుండా మీ దగ్గర పాతదున్న నంబరుకి ఫోన్ చేసి అడగండి. ఊళ్లో తమ్ముళ్లకీ చెప్పండి. అప్పు తెచ్చి కట్టిన డబ్బు తిరిగి రావడం ఎంత కష్టమో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఆ తమ్ముడు పెళ్లికి అందుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు నాకోసం ఒక డబ్బా సకినాలు తెచ్చాడు. "అన్నా, వీటిని మాత్రం గేట్ల ఆపకు" అన్నాడు.