ఒక్క నాణెంతో మిగిలిన రాజు

2011 సెప్టెంబరులో ఇంగ్లండులోని లాంకషైర్‌లో, సిల్వర్‌డేల్ అనే ఊరి దగ్గర మెటల్ డిటెక్టర్‌తో పొలం గాలిస్తున్న ఒకాయనకు సీసపు పాత్ర ఒకటి దొరికింది. అందులో వైకింగుల కాలపు 201 వెండి వస్తువులు. ఎక్కువ భాగం నరికిన ముక్కలే, కొన్ని కడియాలు, కడ్డీలు, నాణేలు 27. వైకింగులకు వెండి అంటే తూకమే. బేరానికి సరిపడా కడియం నరికి తూచి ఇచ్చేవారు. పుచ్చుకునేవాడు కత్తి మొనతో గిచ్చి, కల్తీ ఉందేమో చూసుకునేవాడు.

అలాంటివాళ్లు 866లో యార్క్ నగరాన్ని పట్టుకుని, ముప్ఫయ్యేళ్లు తిరిగేసరికి సొంత నాణేలు కొట్టించారు. వెండి చెలామణీ ఒక్కటే కారణం కాదు, పక్కనున్న క్రైస్తవ రాజులకు మేమూ తీసిపోమని చాటుకోవడమూ అందులో ఉంది. క్నూట్ అనే రాజు పెన్నీ చూడండి. మధ్యలో శిలువ, దాని నాలుగు కొసల్లో అతని పేరులోని నాలుగు రోమన్ అక్షరాలు. అంచు వెంట గుండ్రంగా చదివితే పేరు రాదు. క్రైస్తవులు నుదుట, గుండెన, భుజాల మీద చెయ్యి తాకించే వరసలో, పైన, కింద, ఆపైన ఇరుపక్కలా చూపు తిప్పితేనే వస్తుంది. 793లో లిండిస్‌ఫార్న్ క్రైస్తవ మఠాన్ని దోచిన జనం వారసులు ఇంత దూరం వచ్చారు!

సిల్వర్‌డేల్ నాణేల్లో ఒకటి అచ్చం ఇదే కోవలోది. ఒకవైపు ‘ఐర్డెకోనుట్’ అని ఉంది, రెండోవైపు శిలువ ఆకారంలో పేర్చిన లాటిన్ మాటలు ‘ప్రభువు, రాజు’. వైకింగుల నార్స్ భాషలోని హార్తాక్నూట్ అనే పేరును అచ్చు చెక్కినవాడు తనకు వినిపించినట్టు రాసి ఉంటాడు. 1040లో ఇంగ్లండు గద్దెనెక్కిన హార్తాక్నూట్ వేరు. ఇతను అంతకు 140 ఏళ్ల ముందువాడు. ఏ గ్రంథంలోనూ ఇతని ఊసు లేదు. అదే లాంకషైర్‌లోని కర్డేల్‌లో 1840లో బయటపడ్డ నిధిలో 7,000 దాకా నాణేలున్నాయి, క్నూట్‌వి కొల్లలు. ఇతనిది ఒక్కటంటే ఒక్కటి లేదు.

మరి కాలం ఎలా తేల్చారు? క్నూట్ నాణేల పోలిక ఒక ఆధారం. అదే పాత్రలో ‘ఆల్‌వాల్డస్’ పేరున్న నాణెం మరొకటి. అతను ఆంగ్లో-శాక్సన్ రాజు ఆల్‌ఫ్రెడ్‌కు అన్న కొడుకైన ఎథెల్‌వోల్డ్ అని పండితుల అభిప్రాయం. 899లో ఆల్‌ఫ్రెడ్ పోగానే గద్దె నాదేనని తిరగబడి, వైకింగుల పంచన చేరి, 902 ప్రాంతంలో యుద్ధంలో చచ్చాడు. కాబట్టి నిధిని పాతిపెట్టింది 900 తర్వాతే. ఎథెల్‌వోల్డ్ కథ ఆంగ్లో-శాక్సన్ చరిత్రల్లోకి ఎక్కిందంటే, అది వాళ్ల రాజవంశంలో దాయాదుల తగవు కాబట్టి. హార్తాక్నూట్ వాళ్లకు ఏమీ కాడు.